ఎదురుకాళ్ళ నీలవేణి

నీలవేణి పుట్టినప్పుడు తల ముందు రాలేదు. కుడికాలు వచ్చింది. గద్వాలలో మగ్గాల వాడకట్టు పురుళ్ళన్నీ పోసిన మంత్రసాని ఈరమ్మ ఆ చిన్న కాలును చూసి హడలిపోయింది. తల్లీపిల్లా దక్కుతారన్న ఆశ ఎవరికీ లేదు. ఎట్లాగో దక్కారు. ఈరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చి, గడప దగ్గర నిలబడ్డ బిడ్డ తండ్రి మార్కండేయతో అంది:

"ఎదురుకాళ్ళ బిడ్డ పుట్టింది, మార్కండేయా. ఇంక మీ వాడకట్టుల నడుములకు దవాఖాన అక్కర లేదు పో."

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుము పట్టు విడుస్తుందని ఆ చుట్టుపక్కల నమ్మకం. అందులోనూ అది నేతపని వీధి. గుంత మగ్గంలోకి కాళ్ళు దించి, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ముందుకు వంగి కూర్చునే మనుషులు. నడుము నొప్పి లేని ఇల్లు అక్కడ వెతికినా దొరకదు. కాబట్టి నీలవేణికి నడక రాగానే పని కూడా వచ్చింది. ఆదివారం తెల్లవారగానే, మొహం కడుక్కోకముందే, ఎవరో ఒకరు ఇంటిముందు చాప పరుచుకుని బోర్లా పడుకునేవారు. తల్లి కౌసల్యమ్మ పిల్లను రెండు చేతులా ఎత్తి వాళ్ళ నడుము మీద నిలబెట్టేది. మల్దకల్ దిక్కు నుంచి వేరుశనగ పీకే కూలి ఆడవాళ్ళు కూడా వచ్చేవారు.

పిల్ల పెద్దదైంది, సిగ్గూ పెద్దదైంది. పెద్దవాళ్ళకు కాలు తగిలితేనే పాపం కదా, తాను ఏకంగా వాళ్ళ వీపు మీద కాలు పెడుతోంది. అందుకని తొక్కడం అయిపోగానే వంగి వాళ్ళ పాదాలు ముట్టుకుని కళ్ళకద్దుకునేది. తొక్కేటప్పుడు ఎవరి మొహమూ చూడకుండా గోడ వైపు చూసేది. ఎదురింటి పెంటయ్యకు మాత్రం ఆ సిగ్గు చూస్తే సరదా. మార్కండేయకు అన్న వరస అయ్యే ఆయన, నొప్పి ఉన్నా లేకున్నా, ప్రతి ఆదివారం చాప పట్టుకుని వచ్చేవాడు.

"కౌసల్యా, నీ బిడ్డకు పెండ్లి జేస్తే జెయ్యి గాని, ఆ కుడికాలు మాత్రం ఈడనే ఉంచిపోవాలె."

"నీ నడుం కోసం నా బిడ్డ ఇంట్లనే ముసల్ది గావాల్నా బావా?"

"గావాలె. ముసల్దైతే జర బరువు పెరుగుతది. ఇప్పుడు పిచ్చుక దునికినట్టుంది."

నీలవేణి నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తేది.

నీలవేణి ఏడో తరగతిలో ఉండగా తల్లికి చూపు మందగించింది. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ పోగు పోగుకూ చేత్తో కలపాలి. మగ్గం మీద ఒక్కరు కూర్చుంటే జరిగే పని కాదు. పక్కన ఇంకొకరు ఉండాల్సిందే. అప్పటిదాకా మార్కండేయ పక్కన కౌసల్యమ్మ కూర్చునేది. ఇక ఆమె కళ్ళకు సన్న పోగులు ఆనడం లేదు. దసరా సెలవులకు బడి నుంచి వచ్చిన నీలవేణి తండ్రి పక్కన కూర్చుంది, మళ్ళీ బడికి పోలేదు. ఎవరూ పోవద్దని చెప్పలేదు. పొమ్మని కూడా చెప్పలేదు. సైన్సు పుస్తకంలో రక్తం గురించిన పాఠం సగంలో ఉండగా అట్లా ఆగిపోయింది.

తండ్రీ కూతుళ్ళు పక్కపక్కన కూర్చుని ఏండ్ల తరబడి నేశారు. మార్కండేయ మాటలు తక్కువ మనిషి. ఆయన ఊపిరి తీరును బట్టే పోగు తెగిందో, జరీ చిక్కుపడిందో ఆమెకు తెలిసిపోయేది. తనకు మాట్లాడటం రాదు గానీ చూడటం వచ్చునని నీలవేణి అనుకునేది.

తొంభై మూడో సంవత్సరం ఎండాకాలంలో మార్కండేయకు నడుము నొప్పి మొదలైంది. ఎవరూ పట్టించుకోలేదు. నేతగాడికి నడుము నొప్పి రాకపోతేనే వింత.

"గుంత లోతెక్కువైనట్టుంది" అన్నాడు మార్కండేయ. కూర్చునే పీట కింద ఒక చెక్క వేశారు. తగ్గలేదు. చెక్క తీసి గోనెసంచి మడిచి వేశారు. తగ్గలేదు. ఆదివారం రాగానే బోర్లా పడుకుని కూతురిని పిలిచాడు. ఆమె కాలు పెట్టింది. ఆ పూట హాయిగా ఉందన్నాడు. రెండో రోజుకు మళ్ళీ మామూలే.

నీలవేణి మాత్రం ఒకటి గమనించింది. మగ్గం నొప్పి పడుకుంటే తగ్గుతుంది. పెంటయ్యకు అంతే, వాడకట్టులో అందరికీ అంతే. తండ్రికి పడుకుంటే ఎక్కువవుతోంది. దానికి తోడు ఆయన మొహం గంజి పెట్టిన నూలులాగా తెల్లబారుతోంది. అడ్డపోగు నేసే నాడెను ఒకసారి విసిరి కాసేపు ఆగుతున్నాడు. దొడ్లో ఆయన పోసిన మూత్రం మీద నురగ సబ్బు నీళ్ళలాగా చాలాసేపు నిలిచి ఉంటోంది. ఆ మాట తండ్రిని అడగటానికి ఆమెకు నోరు రాలేదు. తల్లి చెవిలో చెప్పింది.

"వేడి జేసిందే" అంది కౌసల్యమ్మ. "సబ్జ గింజలు నానబెట్టు."

నానబెట్టింది. రోజూ గ్లాసుడు తాగించింది. ఇంకెవరికి చెప్పాలో ఆమెకు తెలియలేదు.

వానలు మొదలైనాక ఒక ఆదివారం మార్కండేయ చాప మీద పడుకుని మూలిగాడు. పెంటయ్య గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. కౌసల్యమ్మ చాటలో బియ్యం పెట్టుకుని చేత్తో తడుముకుంటూ రాళ్ళు ఏరుతోంది.

"జర గట్టిగ పెట్టు బిడ్డా. పట్టు లోపట్నే ఉన్నది, పైకి వస్తలేదు."

నీలవేణి కొంచెం బరువు వేసింది.

"ఇంకా గట్టిగ."

"అన్నం పెడ్తలేవా ఏంది కౌసల్యా నీ బిడ్డకు?" అన్నాడు పెంటయ్య. "తొక్కవే, నాయన అడుగుతుంటే!"

బరువంతా కుడికాలి మీద వేసి, ఆమె ఎడమకాలు నేల మీది నుంచి లేపింది. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. అది చెవితో విన్నదో అరికాలితో విన్నదో తర్వాత ఎంత తలుచుకున్నా ఆమెకు తేలలేదు. మార్కండేయ అరవలేదు. ఊపిరి బిగబట్టి, నోరు తెరిచి, చాప అంచును గుప్పిట పట్టుకున్నాడు. లేవబోతే లేవలేకపోయాడు.

గద్వాల దవాఖానలో నొప్పి తగ్గటానికి సూది వేసి, కర్నూలు తీసుకుపొమ్మన్నారు. జీపు వెనక పరుపు వేసి పడుకోబెట్టారు. కళ్ళు కనిపించని తల్లి ఆ జనంలో ఏం తిరగగలదని పెంటయ్యా నీలవేణీ వెంట పోయారు. తోవలో గుంత గుంతకూ తండ్రి పళ్ళు కొరుకుతుంటే, ఆమె తన కుడికాలును లంగా కిందికి లాక్కుని ముడుచుకు కూర్చుంది.

పెద్ద దవాఖానలో వాళ్ళను చూసింది ఒక చిన్నవయసు డాక్టరమ్మ. ఎట్లా జరిగిందని అడిగింది. నీలవేణి నోరు తెరిచింది. ఈలోపలే పెంటయ్య అందుకున్నాడు.

"మగ్గంల నుంచి లేస్తుంటే కాలు జారి పడ్డడమ్మా."

బయటికి వచ్చినాక ఆమె వైపు చూడకుండానే అన్నాడు: "ఊకో. ఆ ముచ్చట ఎవ్వరికి జెప్పకు. ఆడపిల్లవు."

ఆమెను కాపాడాలనే అన్నాడు. కానీ ఆ అబద్ధంతో ఆమె అడగాల్సిన మాటకు దారి మూసుకుపోయింది. నా కాలే విరగ్గొట్టిందా అని ఇక డాక్టరమ్మను ఎట్లా అడగాలి?

ఎక్స్‌రే తీశారు. రక్తం తీశారు. నడుము దగ్గర సూది గుచ్చి ఎముక లోపలి మూలుగ తీశారు. నీలవేణి తండ్రి మూత్రం సీసా పట్టుకుపోయినప్పుడు, డాక్టరమ్మ అందులోంచి కొంత గాజు గొట్టంలో పోసి మంట మీద వేడిచేసింది. చూస్తుండగానే నీళ్ళలాంటి ఆ మూత్రం గంజిలాగా తెల్లగా చిక్కబడింది. ఇంకా వేడిచేస్తే, మసిలేసరికి మళ్ళీ తేటబడింది. మంట తీసి చల్లారనిస్తే మళ్ళీ తెల్లబడింది. డాక్టరమ్మ ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, చీటీ మీద ఏదో రాసి కింద రెండు గీతలు గీసింది. ఆ గీతలు చూసే నీలవేణికి సగం అర్థమైంది.

మరుసటి రోజు పెంటయ్యనూ నీలవేణినీ పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇది దెబ్బ తగిలి వచ్చింది కాదు. చాలా నెలల నుంచి లోపల ఉన్న జబ్బు. మన రక్తంలో బి కణాలని ఉంటాయి. ఏదైనా రోగం లోపలికి వస్తే, దానితో కొట్లాడే పదార్థాన్ని అవే తయారుచేస్తాయి. ఒక్కో రోగానికి ఒక్కో రకం."

"తాళానికి చెవి లెక్క" అన్నాడు పెంటయ్య, తలూపుతూ.

"అంతే. అయితే ఆ కణాలు వాటంతట అవి పెరగవు. పక్కనున్న కణాలు వాటికి కబురు పంపుతాయి. పెరగండి, తయారుచేయండి అని. ఆ కబురు కూడా కంటికి కనిపించనంత చిన్న ప్రొటీనే. రోగం తగ్గితే కబురు ఆగిపోతుంది, ఇవి కూడా ఆగిపోతాయి. మీ నాయన విషయంలో అది ఆగడం లేదు. ఒక్క రకం కణమే చెడిపోయి పెరిగిపోతోంది. ఎముక మూలుగ దానికి పెరుగు పెరుగు అని కబురు పంపుతూనే ఉంది. అది ఏ రోగానికీ పనికిరాని ఒక్క రకం పదార్థాన్నే కుప్పలుగా తయారుచేస్తోంది. మూత్రంలో తెల్లగా వచ్చింది అందులో ఒక ముక్కే. మంచి కణాలకేమో చోటు లేకుండా పోతోంది. ఎముకను తినేసే కణాలకు కూడా అదే కబురు అందుతోంది. అందుకే ఎముకలు గుల్లబారాయి."

పెంటయ్య తలూపడం ఆపాడు. నీలవేణి అడిగేసింది. ఆమె గొంతు విని ఆమే ఉలిక్కిపడింది.

"ఆ కబురును ఆపరాదా?"

"దానికి ఇంటర్‌ల్యూకిన్ ఆరు అని పేరు పెట్టారు. అది ఏమిటో తెలిసి ఏడెనిమిదేండ్లే అయిందమ్మా. ఆపే మందు ఇంకా రాలేదు. పెరిగిన కణాలను కొన్నిటిని చంపటానికి బిళ్ళలు ఇస్తాను. కొంతకాలం తగ్గొచ్చు. పూర్తిగా పోదు. నడుము మీద బరువు పడకూడదు. జ్వరం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు."

కబురు పంపేది ఎవరో బయటివాడైతే పోయి కాళ్ళు పట్టుకోవచ్చు. పంపేది తండ్రి ఎముక మూలుగే. నీలవేణి దవాఖాన వరండాలో నిలబడి ఆ మాటనే నెమరేసుకుంది. ఇంటికి పోయి దీన్ని తల్లికి ఏ మాటల్లో చెప్పాలి?

చెప్పింది, తనకు చేతనైనట్టు. కౌసల్యమ్మ అంతా విని అడిగింది:

"అయితే ఎవరన్న ఏమన్న జేసిన్రా?"

"లేదమ్మా. వంట్లోదే."

"వంట్లోది వంటినే తింటదా?" అంది. తెల్లవారి అమ్మవారికి కల్లు సాక పోసి, కోడిని కోయించింది.

మార్కండేయ మంచానికి అంటుకుపోయాడు. పట్టుకుంటే కొద్దిసేపు కూర్చోగలిగేవాడు, అంతే. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉండిపోయింది. నీలవేణి ఒక్కతే కూర్చుని చూసింది. అంచు దగ్గర కలిపే చెయ్యి పక్కన లేదు. ఒక వరస వేసి, నాడె పెట్టేసి లేచి వచ్చింది.

వాడకట్టులో రెండు రకాల మాటలు నడిచాయి. చాటున ఒక మాట, మొహం మీద ఒక మాట. నీళ్ళ దగ్గర నాగేంద్రమ్మ అనే ఆమె బిందె ఎత్తుకుంటూ, "కాలు మంచిదంటరు, తండ్రినే పండబెట్టింది" అంది. నీలవేణి వెనకనే ఉంది. విన్నది. నాగేంద్రమ్మ తిరిగి చూసి నాలుక కరుచుకుని, "ఏమనుకోకు బిడ్డా, నోటికొచ్చింది" అని ఆమె బిందె తానే నింపి ఇచ్చింది. మరుసటి ఆదివారం ఆ నాగేంద్రమ్మే మరిదిని వెంటపెట్టుకుని వచ్చింది, నడుము పట్టిందని. నీలవేణి తలుపు చాటు నుంచి బయటికి రాలేదు. రానని చెప్పడానికి కూడా రాలేదు. వాళ్ళు కాసేపు కూర్చుని పోయారు. పెంటయ్య మాత్రం చాప తేవడం మానేశాడు. నడుము పట్టుకుని వంకరగా నడుస్తూ, తన నొప్పి తగ్గిందని అందరికీ చెప్పుకున్నాడు.

బిళ్ళలు అయిపోయినాక పెంటయ్యా నీలవేణీ రెండోసారి కర్నూలు పోయారు. పెంటయ్య చాయ్ తాగటానికి పోయిన సందు చూసి, నీలవేణి డాక్టరమ్మ బల్ల దగ్గరికి పోయింది. బల్ల అంచును పట్టుకుని, తల ఎత్తకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎదురుకాళ్ళ సంగతి, ఆదివారాల సంగతి, ఎడమకాలు నేల మీది నుంచి లేపిన సంగతి.

డాక్టరమ్మ రాస్తున్న కలం మూత పెట్టింది.

"చెదలు తిన్న దూలం మీద పిట్ట వాలినా విరుగుతుంది. అది పిట్ట తప్పా చెప్పు?"

"పిట్ట వాలకుంటే?"

"ఇంకో రోజు విరిగేది. దగ్గితే విరిగేది. చెంబు ఎత్తుకోవటానికి వంగితే విరిగేది."

"ఆ రోజైతే నా కాలు కిందనే ఇరిగింది కద మేడం."

డాక్టరమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. "అవును" అంది. "కానీ జబ్బు నువ్వు తెచ్చింది కాదు. అది మాత్రం గుర్తుపెట్టుకో."

నీలవేణి రెండు మాటలూ గుర్తుపెట్టుకుంది. ఒకదాని పక్కన ఇంకోటి పెట్టుకుంటే, మొదటిదే బరువు తూగింది.

చలికాలంలో మార్కండేయకు దగ్గు పట్టింది. దగ్గు వెంట జ్వరం వచ్చింది. గద్వాల దవాఖానకు తీసుకుపోతే సూదులు వేశారు, ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు, వెంటనే కర్నూలు పొమ్మన్నారు. ఇంటికి తెచ్చినాక జీపు మాట ఎత్తేసరికి మార్కండేయ మంచం కోడు పట్టుకున్నాడు.

"నన్ను జీపుల ఎక్కియ్యకున్రి. ఆ గుంతలకు నా పానం తోవలనే పోతది."

పెంటయ్య బతిమాలాడు. "ఎట్లనో ఒకట్ల పోదాం తమ్మీ. నిన్ను నా వళ్ళనే పండుకోబెట్టుకుంట."

"నీ నడుం సంగతి నాకు తెల్వదా అన్నా? నన్ను మోసి నువ్వేడ బతుకుతవు?"

నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గుకు వళ్ళంతా మెలిపడింది. పెంటయ్య బయటికి పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. జీపు వచ్చింది, చాలాసేపు నిలబడింది, పోయింది. తీసుకుపోవాలో వద్దో తేల్చగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కరూ లేరు.

కాంపౌండరు ఇంటికే వచ్చి సూదులు వేస్తూనే ఉన్నాడు. జ్వరం దిగుతుంది, ఎక్కుతుంది. నీలవేణి తడిబట్ట మార్చుతూ లెక్కలేనిసార్లు అదే అనుకుంది. ఈ వంట్లో రోగంతో కొట్లాడే సరుకు కావలసినంత ఉంది. కుప్పలుగా ఉంది. అందులో ఒక్కటి కూడా ఈ రోగానికి సరిపడేది కాదు. ఎవరికీ అక్కరలేనిది రాత్రింబవళ్ళు తయారవుతూనే ఉంది. అది ఆమెకు తెలుసు. తెలిసి చేయగలిగింది మాత్రం బట్ట తడిపి నొసటి మీద వేయడమే.

ఒకనాడు మూడోజాము ఎండ గుమ్మంలోంచి మంచం దాకా వచ్చింది. మార్కండేయ కళ్ళు తెరిచాడు. అందరినీ గుర్తుపడుతున్నాడు.

"నీలా."

"ఆ నాయనా."

"నడుం గుంజుతున్నది బిడ్డా. జర కాలు పెట్టు."

కౌసల్యమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. గడప దగ్గర కూర్చున్న పెంటయ్య తలెత్తాడు.

"వద్దు నాయనా. డాక్టరమ్మ బరువు పెట్టొద్దన్నది."

"డాక్టరమ్మ మగ్గంల కూసున్నదా ఎన్నడన్న?" ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలడమే ఉంది. "నీ కాలు పెడితే నాకు నిమ్మళమైతది. ఊరందరికి పెడ్తివి. నాకు పెట్టవా?"

ఏం చెప్పాలి? నీ ఎముకలు గుల్లైనయి, వాటిని తినమని నీ మూలుగే చెప్తున్నది, ఆ రోజు నా కాలు కిందనే ఇరిగింది అనా? ఇన్ని నెలల్లో ఆ మాట ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. మగ్గం గుంతనే తిట్టుకున్నాడు. ఆయన దృష్టిలో ఆమె కాలు ఇప్పటికీ మంచిదే.

"పెట్టవే" అంది కౌసల్యమ్మ. "అడుగుతుండు గద. పెట్టు."

పెంటయ్యా తల్లీ కలిసి ఆయనను మెల్లగా ఒక పక్కకు ఒత్తిగిలబెట్టారు. పక్కటెముకలు ఒక్కొక్కటీ తేలి కనిపిస్తున్నాయి. నీలవేణి మంచం పక్కన నిలబడి, ఒక చేత్తో దండెం తాడు పట్టుకుని, కుడికాలు ఎత్తింది. అరికాలు ఆయన నడుముకు ఆనీ ఆననట్టు నిలిపింది. వంటి వేడి అరికాలికి తెలుస్తోంది. బరువంతా ఎడమకాలి మీదే మోస్తూ అట్లాగే నిలబడింది.

"పెట్టినవా?"

"పెట్టిన నాయనా."

"తెలుస్తలేదు బిడ్డా. జర గట్టిగ."

"గట్టిగనే పెట్టిన" అంది. "పట్టు ఇడుస్తున్నది నాయనా. ఇడుస్తున్నది."

"ఆఁ" అన్నాడు మార్కండేయ. కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి గురగురమంటూ పోయి, చాలాసేపటికి మళ్ళీ వచ్చింది. పెంటయ్య తలకట్టు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నీలవేణి ఎడమకాలు వణకడం మొదలైంది. కాలు తీస్తే ఆయనకు తెలిసిపోతుందేమో, తీయకపోతే తాను తూలి మీద పడుతుందేమో. దండెం తాడును బిగించి పట్టుకుని, ఆయన వీపు కదలిక మీది నుంచి చూపు తిప్పకుండా, ఆమె అట్లాగే నిలబడి ఉంది.